సముద్రం ఏ పక్కకి పారుతుంది

పోయిన వేసవిలో మా చిన్నమ్మాయి నన్ను విశాఖ పక్కన ఒక సముద్రతీరానికి తీసుకెళ్లింది. ఒడ్డున వరసగా గుడిసెల్లాంటి గదులు, గదుల ముందు వాలు కుర్చీలు, కుర్చీల్లో పుస్తకాలు పొట్టమీద బోర్లించుకుని కునుకు తీస్తున్న పాఠకులు. సాయంత్రం ఎండ తగ్గాక ఇసుకలో చాపలు పరిచి, నలుగురు నవలాకారులను కూర్చోబెట్టి, ఎవరికి తోచిన ప్రశ్న వాళ్లు అడగవచ్చన్నారు. వయసు చూసి నాకూ ఒక కుర్చీ వేశారు. కార్యక్రమం నడిపే అమ్మాయి మైకు పట్టుకుని, ఇలా ఇసుకలో కాపురముండి, తేలికైన పుస్తకాలు చదువుకుంటూ, రాసినవాళ్లతో కబుర్లు చెప్పుకోవడం మన తెలుగువాళ్లకు ఇదే మొదటిసారి అంది. నాకు ఊరుకోవడం చేతకాదు. "మా ఎమ్మిగనూరు వాళ్లకు ఇది డెబ్బై ఏళ్ల కిందటి ముచ్చటమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. ఎమ్మిగనూరుకు సముద్రం ఎప్పుడొచ్చిందండీ అని ఒకాయన అడిగాడు. దాదాపు వచ్చి ఆగిపోయిందండీ అన్నాను. దాన్ని వాళ్లు చమత్కారం అనుకున్నారు, మైకు ఇంకొకరి చేతికి వెళ్లిపోయింది. చెప్పవలసింది కడుపులోనే ఉండిపోయింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్నది ఎమ్మిగనూరులో మగ్గం. అమ్మ పుట్టిల్లు అక్కడికి ఎద్దుల బండి మీద ఒక పూట దూరంలో, తుంగభద్ర ఒడ్డున. బడికి వేసవి సెలవులివ్వడం ఆలస్యం, అమ్మ నా లంగాలు రెండు మూటగట్టి అవ్వ దగ్గరికి తోలేసేది. మా వైపు నది అనే మాట పుస్తకాల్లోదే, నోట్లో ఉండేది ఏరు. ఎండాకాలంలో ఆ ఏరు అవతలి గట్టు పక్కన ఒక పాయగా సన్నబడి, ఇవతల కనుచూపు మేర తెల్లటి ఇసుకను మాకు వదిలేసేది. పైన కొత్తగా డ్యాము కట్టినప్పటినుంచి నీళ్లు ఇంకా తగ్గాయని పెద్దవాళ్లు గొణుక్కునేవాళ్లు. మా తాలూకా బళ్లారి జిల్లాలోంచి కర్నూలు జిల్లాలోకి మారిన కొత్త కూడా అదే. ఆ సంగతి చెప్పినప్పుడు మా అవ్వ చేస్తున్న పని ఆపకుండా, "జిల్లా యాడికన్నా పోనీ, ఏరు ఆడనే ఉండాది గదా" అంది. అవ్వకు ప్రపంచంలో ఏ వార్తయినా ఏటి దాకా వస్తేనే వార్త.

ఆ ఇసుకలోనే మా అవ్వ కళింగర పండ్లు, అంటే మీరనే పుచ్చకాయలు, కర్బూజలు, దోసకాయలు పండించేది. చలికాలంలో ఇసుకను తడి తగిలేదాకా కాలువలుగా తవ్వి, అడుగున పశువుల పెంట వేసి, గింజ పెట్టేది. ఎండలు ముదిరేసరికి పాదులు ఇసుకంతా అల్లుకునేవి. కాయ దిగినప్పటినుంచి నక్కలనుంచీ మనుషులనుంచీ కాపలా కాయాలి కాబట్టి, మూడు నెలలు అక్కడే కాపురం. బోదగడ్డి కప్పు, జొన్నసొప్ప తడికెలు, లోపల ఒక చాప, బయట మూడు రాళ్ల పొయ్యి. గుడిసె పక్కనే చేతులతో ఇసుక తోడితే చెలమలో నీళ్లు ఊరేవి. పొద్దున్నే రొట్టె కాలే వాసన, మధ్యాహ్నం మగ్గిన కర్బూజల వాసన, సాయంత్రం తడిపిన ఇసుక వాసన. ఇసుక రొట్టెలోకి వచ్చేది, తల్లోకి వచ్చేది, చెవిలోకి వచ్చేది. నేను ఉమ్మేస్తే అవ్వ కోప్పడేది. ఏటి ఇసుక కడుపులోకి పోతే ఎముక గట్టిపడుతుందని ఆమె వైద్యం. తెల్లవారకముందే పాయలో మునిగి, ముఖానికి పసుపు రాసుకుని, పొగాకు కాడ బుగ్గన పెట్టుకుని, ఒక్కో కాయ దగ్గరా వంగి, వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి వినేది. ఆ పని ఇంకెవరూ చేయకూడదు. పరాయి చెయ్యి తగిలితే కాయ మొండికేస్తుందట. నేను దొంగతనంగా ఒకటి తట్టి చూశాను, అది పక్వానికి రాకుండానే కుళ్లింది, నేనెవరికీ చెప్పలేదు.

మా మేనమామ తిక్కన్న ఆదోనిలో పత్తి మిల్లులో బేళ్లు కట్టేవాడు. సీజను అయిపోయి మిల్లు మూసేయగానే ఒక గోనెసంచితో ఇసుకలోకి దిగేవాడు. సంచిలో బట్టలు తక్కువ, పుస్తకాలు ఎక్కువ. ఆదోని స్టేషను దగ్గర ఒక బంకులో అద్దెకిచ్చే అరచేతంత నవలలు అవి. అట్ట మీద ఒక పిస్తోలు, వెనక్కి తిరిగి చూస్తున్న ఒక ఆడమనిషి, ఒక నీడ. మామకు సంతకం తప్ప అక్షరం రాదు, కానీ బొమ్మ చూసి మంచి కథ ఏరుకురావడంలో ఆయన్ను మించినవాళ్లు లేరు. మధ్యాహ్నం భోజనాలయ్యాక తడికెకు తడిపిన గోనెపట్టా కట్టి, ఆ చల్లదనంలో నేను చదివేదాన్ని. మామ వెల్లకిలా పడుకుని వినేవాడు. అవ్వ విత్తనానికి గింజలు ఏరుతూ వినేది. వింటూ వింటూ అడ్డం తగిలేది. "జమీందారును పొడిచినారు, సరే. ఆ పొద్దు ఆ ఇంట్లో వంట ఎవురు సేసినారు?" పుస్తకంలో వంట ఉండేది కాదు. లేదంటే ఆమె కథ సాగనిచ్చేది కాదు. అందుకని నేనే ఒక వంటమనిషిని పెట్టి, ఆమె చేత వంకాయ కూర, కొర్రన్నం చేయించి, అప్పుడు పోలీసులను లోపలికి రానిచ్చేదాన్ని.

నాకు పన్నెండో ఏడు నడుస్తున్న ఆ వేసవిలో మామ వెంట పుస్తకాలతోపాటు పుస్తకాలు రాసే మనిషి కూడా వచ్చాడు. సన్నగా, వంగి, నుదుట మాధ్వులు పెట్టుకునే నల్లటి అంగారం గీతతో, ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో రేకుపెట్టె. నాలుగడుగులకొకసారి ఇసుకలో ఆగిపోతున్నాడు. దగ్గరికి వచ్చాక తెలిసింది, ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఛాతీలోంచి సన్నగా ఈల వస్తోంది.

"అమ్మా, ఈ సామి ప్రాణేశప్ప. మా మిల్లు గుమాస్తా" అన్నాడు మామ. "వాళ్లన్నలంతా మంత్రాలయంలో గుడి సేవలో ఉండారు, ఈయప్ప ఒక్కడే పత్తి దుమ్ములో పడినాడు. ఉబ్బసం పట్టుకునింది. ఇంగో సీజను మిల్లులో కూసుంటే మనిషి దక్కడని డాక్టరు సెప్పినాడు. మనం సదివించుకునే పుస్తకాలు రాసేది ఈయప్పే."

అవ్వ ఆయనకు చాప వేసింది, చెలమ నీళ్లు ముంచి ఇచ్చింది. ఆయన తాగి ఊపిరి కుదుటపరుచుకునేదాకా ఆగి, అప్పుడు అడిగింది. "సామీ, పోయినేడు పుస్తకంలో జమీందారు సచ్చిపోయిన పొద్దు ఆ ఇంట్లో వంట ఎవురు సేసినారు?"

ఆయన గొడుగు ముడిచి పక్కన పెట్టాడు. "నాకు తట్టలేదవ్వా" అన్నాడు.

"తట్టాల గదా" అంది అవ్వ.

ఆయన మా ఇసుకకు వచ్చిన కారణం ఆ సాయంత్రమే చెప్పాడు. మద్రాసులో ఆయన పుస్తకాలు అచ్చేసే ఆసామి ఈసారి సముద్రపు ఒడ్డు కథ కావాలని ఉత్తరం రాశాడట. వేసవిలో పట్నం జనం సముద్రం ఒడ్డున కూర్చుని చదువుకుంటారు, వాళ్లకు అదే కావాలి. వైశాఖం అయిపోయేలోపల చేరాలి. చేరి, నచ్చితే, ఇక నెలకొక పుస్తకం తప్పకుండా తీసుకుంటాడు. నెలకొకటైతే ప్రాణేశప్ప మళ్లీ మిల్లు గడప తొక్కనక్కర్లేదు. నచ్చకపోతే, దసరా దాటి కొత్త పత్తి రాగానే ఆ దుమ్ములోకే. ఇంకే పనీ ఆయనకు రాదు. పూజకు వెళ్తే మంత్రం పూర్తయ్యేదాకా ఊపిరి చాలదు. చిక్కల్లా ఏమిటంటే ఆయన సముద్రం చూడలేదు. ఇటు గుంతకల్లు, అటు రాయచూరు, అంతవరకే ఆయన ప్రయాణాలు. మద్రాసుకు వెళ్లి చూసిరావడానికి ఛాతీ సహకరించదు. సముద్రమైతే లేదు కానీ ఇసుకైతే ఉంది కదా, ఇసుకలో మనుషులు ఎలా బతుకుతారో చూస్తే మిగతాది ఊహించుకోవచ్చు అని మామ ఆయనను ఒప్పించాడు. మామ బుర్రకు నేను ఇప్పటికీ దండం పెడతాను.

అలా మొదలైంది మా కొలువు. మొదట్లో ఆయన దూరంగా తన రాళ్లపొయ్యి తాను పెట్టుకుని, తడి పంచెతో తూర్పుకు తిరిగి అన్నం వండుకునేవాడు. గాలికి పొయ్యి ఆరిపోయేది, అన్నం పలుకయ్యేది. వారం రోజులు అటుకులు, కర్బూజలతో నెట్టుకొచ్చాడు. తరువాత ఒకనాడు అవ్వ జొన్నరొట్టె మీద గురెళ్లు వేయించి దంచిన కారం వేసి నెయ్యి పోస్తుంటే ఆ వాసనకు ఆయన రాత ఆగిపోయింది. ఏమీ అనకుండా వచ్చి మా వరసలో కూర్చున్నాడు. మూడు రొట్టెలు తిని, "మంత్రాలయంలో చెప్పకమ్మా" అన్నాడు నాతో. నేను ఈ పుటలో తప్ప ఎక్కడా చెప్పలేదు.

మా మాటలకు వేళాపాళా ఉండేది కాదు. ఆయన అడిగేవాడు, మేం చెప్పేవాళ్లం, ఆయన ఒక పలకలాంటి అట్ట మీద కాగితం పెట్టుకుని రాసేవాడు. మిట్టమధ్యాహ్నం ఇసుకలో నడవాలంటే ఏం చేస్తారు? తీగల మీద అడుగులేస్తూ పోతారు, లేకపోతే కాళ్లు బొబ్బలెక్కుతాయి. ఇసుకలో దొంగ వస్తే చప్పుడు వినిపిస్తుందా? వినిపించదు. మరి పట్టేదెట్లా? దానికి అవ్వ లేచి, చంకలో ఒక పెద్ద కాయ పెట్టుకుని పది అడుగులు నడిచి, కాయ దించి మళ్లీ పది అడుగులు నడిచి, రెండు వరసల గుంతలూ చూపించింది. "ఉత్తోని మడమ పైపైన పడతాది. మోసేటోని మడమ లోపలికి దిగుతాది. ఇంగ దొంగ ఎవురో నీకు ఎరుక కాకపోతే ఎట్లప్పా?" ప్రాణేశప్ప ఆ గుంతల పక్కన మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో కొలుచుకోవడం నాకింకా కళ్లలో ఉంది. రెండు వారాలకు ఆయన ఈల తగ్గింది. మూడో వారానికి పాయలో స్నానం చేస్తూ కన్నడంలో దేవరనామాలు పాడుకోవడం మొదలుపెట్టాడు. ఆ పాట వినిపించినప్పుడల్లా అవ్వ ఎవరితోనూ కాకుండా, "గాలి ఆడతాండాది" అనుకునేది.

ఇక కథ. సముద్రపు ఒడ్డున ఒక బంగళా. అందులో జమీందారును చంపి, నగలు ఒక రాగి గుండిగలో పెట్టి, మూతికి మైనం పూసి, దొంగ దాన్ని సముద్రంలోకి వదిలేస్తాడు. పోలీసులు వచ్చి బంగళా అంతా వెతికినా ఏమీ దొరకదు. ఇక్కడిదాకా విని అవ్వ చేతిలో గింజల చేట కింద పెట్టింది. "సముద్రం ఏ పక్కకి పారుతుంది సామీ?"

ప్రాణేశప్ప మా పాయ వైపు చూశాడు. పెద్దవాళ్లు తెలియదని చెప్పలేక ఆలోచిస్తున్నట్టు నటించే చూపు అది, నాకు ఇప్పుడు బాగా తెలుసు, నేనూ చాలాసార్లు అలాగే చూశాను. "దక్షిణానికవ్వా. మద్రాసు దిక్కు" అన్నాడు.

"అట్లయితే గుండిగ కింద యాడో తేలాల గదా."

అంతే, కథకు దారి దొరికింది. దొంగ కూటమిలో రెండోవాడు కింది ఊళ్లో కాచుకుని ఉంటాడు. గుండిగ మూడు రోజులకు చేరుతుందా, నాలుగు రోజులకా అని మామ, అవ్వ వాదించుకున్నారు. ఎక్కడో మడుగులో తిరిగి ఆగుతుందని మామ, కళింగర తోట గట్టుకు తగులుకుంటుందని అవ్వ. చివరికి అది తోట కాపలా కాసే అమ్మాయికి దొరుకుతుంది, ఆ అమ్మాయే కథానాయిక. మా నలుగురిలో ఒక్కరికి కూడా అనుమానం రాలేదు. నీళ్లన్నాక పారక ఏం చేస్తాయి? నా భూగోళం పుస్తకంలో సముద్రానికి నీలం రంగు వేశారు కానీ ఏ పక్కకు పారుతుందో గుర్తు వేయలేదు, అది వాళ్ల తప్పు అనుకున్నాను.

ఆయనది గొలుసుకట్టు రాత. పోయినసారి అచ్చు పేర్చేవాళ్లు చదవలేక విసుక్కున్నారట. అందుకని నా గుండ్రటి రాతతో సాపు ప్రతి రాయించాడు. ఆ పని మూడొంతులు అయినప్పుడు ఎమ్మిగనూరునుంచి అమ్మ కబురు వచ్చింది. నాన్న మగ్గానికి కొత్త పడుగు వచ్చింది, పాత పోగుల కొసలకు కొత్త పోగులు అతకాలి, దానికి చిన్న వేళ్లు కావాలి. వెళ్లి, రెండు రోజులు ఇంటిల్లిపాదీ కూర్చుని పోగులు అతికాం. మూడో రోజు నాన్న మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేత మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చుని, నా చేతిరాతతో మద్రాసు వెళ్లబోయే కథంతా గొప్పగా చెప్పాను. నాన్న మగ్గం ఆపాడు. ఆయన ఒకసారి చీరల మూటతో మద్రాసు వెళ్లివచ్చాడన్న సంగతి అప్పటిదాకా నాకు గుర్తే రాలేదు.

"ఏ పక్కకి పారుతుంది అన్యావు?"

"దక్షిణానికి."

నాన్న నవ్వలేదు. చేతిలో పోగును అటూ ఇటూ మోసే నాడెను చూపించాడు. "సముద్రం పారదు మే. నేను కండ్లారా సూసినా. ఇదో, ఈ నాడె మాదిరి పోతాది, మళ్లా వస్తాది. యాడికీ పోదు. నా చెప్పు ఒకటి కొట్టుకొని పోయింది. అయ్యో అనుకునే లోపలనే తెచ్చి ఆడనే పడేసింది."

గుండిగ ఎక్కడ వేస్తే అక్కడే. కింది ఊరు లేదు, కాచుకున్న దొంగ లేడు, తోట పిల్ల లేదు. కథ మొత్తం పోయింది. వైశాఖం ముగియడానికి ఇంకా రెండు వారాలే ఉంది.

ఇసుకకు తిరిగి వచ్చి ఒక రోజంతా ఆ సంగతి దాచాను. తెలిసి తెలిసి నాలుగు పుటలు సాపు రాశాను. ఆయన పొద్దున పాయలో పాడుకుంటున్నాడు, ఛాతీలో ఈల లేదు. చెబితే పుస్తకం గడువుకు అందదు, ఆయన మళ్లీ మిల్లుకు. చెప్పకపోతే రోజూ సముద్రం చూసే మద్రాసువాళ్లు నవ్వి కట్ట వెనక్కి పంపుతారు, అప్పుడూ మిల్లుకే. ఏం చేసినా దుమ్ములోకి తోసేది నేనే అనిపించింది. పైగా ఆయన పుస్తకాలు రాసే మనిషి, బ్రాహ్మడు, పెద్దవాడు. నేను లంగా కట్టుకునే పిల్లను. మర్నాడు గుండిగ తేలుతూ వచ్చి తోట గట్టుకు తగిలే పుట దగ్గరికి వచ్చేసరికి కలం పక్కన పెట్టేశాను.

"ఏమ్మా, సిరా అయిపోయిందా?" అన్నాడాయన.

"సామీ, సముద్రం పారదంట" అన్నాను. నాడె సంగతి, చెప్పు సంగతి తలెత్తకుండా చెప్పేశాను.

అవ్వకు కోపం వచ్చింది. "మీ నాయనకేం ఎరుక. ఒక్కపొద్దు సూసొచ్చి సముద్రం సంగతి సెప్తాడా" అంది. ప్రాణేశప్ప లేచి, చెప్పుల్లేకుండా ఆ ఎండలో పాయ దాకా నడిచి, మోకాళ్ల లోతు నీళ్లలో మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. మామ వెళ్లబోతే అవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది. చాలాసేపటికి ఆయనే తిరిగి వచ్చాడు. ఈల మళ్లీ మొదలైంది, దూరంనుంచే వినిపించింది. వచ్చి మామ ముందు కాదు, అవ్వ ముందు కాదు, నా ముందు చాప మీద కూర్చున్నాడు.

"ఇంకా ఏమేం తప్పులున్నాయి చెప్పమ్మా. ఒక్కటీ దాచొద్దు" అన్నాడు.

అప్పటిదాకా ఏ పెద్దమనిషీ నన్ను అలా అడగలేదు. మా ఇళ్లలో పిల్లలకు తప్పులు చెప్పేవాళ్లే కానీ పిల్లలచేత చెప్పించుకునేవాళ్లు లేరు. నాకు ఏడుపు వచ్చింది, సంతోషం కూడా వచ్చింది. తోట పిల్ల మిట్టమధ్యాహ్నం వట్టి కాళ్లతో పరుగెత్తిందని చెప్పాను. వారం రోజులుగా ఆ పిల్ల ఒక ముద్ద కూడా తినలేదని చెప్పాను. ఇలా ఏడు చెప్పాను, ఏడూ రాసుకున్నాడు. అన్నీ అయ్యాక కాగితాలు ఒళ్లో పెట్టుకుని, ఇవన్నీ దిద్దవచ్చు కానీ సముద్రాన్ని పారించడం ఎలా అన్నాడు.

అవ్వ అప్పటికి చల్లబడింది. "పారకపోతే పోనీ సామీ. పారేది మన ఏరుండాది గదా. కథను ఈడికి తెచ్చుకో."

"వాళ్లు సముద్రం అడిగినారవ్వా."

"వాళ్లు అడిగినారని లేనిది యాడ తెస్తావు? ఉండేది రాయి."

తొమ్మిది రోజులు మా గుడిసెలో ఇంకో పని జరగలేదు. బంగళా ఏటి గట్టు మీదికి వచ్చింది. ఓడ పోయి ఏరు దాటే పుట్టి వచ్చింది. గుండిగ ఏ మడుగులో తిరగాలో మామ ఈదుకుంటూ వెళ్లి చూసివచ్చాడు. కోసిన కాయలు బేరానికి పంపడం కూడా మరిచి నాలుగు కుళ్లబెట్టింది అవ్వ, ఆమె జీవితంలో అలా జరగడం నాకు తెలిసి అదొక్కసారే. ఆయన రాస్తుంటే సిరా ఆరేలోపల నేను సాపు రాసేదాన్ని. చివరి పుట అయిన పొద్దున మామ కట్టను గోనెగుడ్డలో చుట్టి, కళింగర బండి ఎక్కి, ఆదోని పోస్టాఫీసుకు వెళ్లాడు.

వానలు పడ్డాయి, ఏరు నిండింది, మా ఇసుక నీళ్ల కిందికి పోయింది. మద్రాసునుంచి జాబు రాలేదు. దసరా దాటింది, మిల్లు తెరిచారు, ప్రాణేశప్ప మూతికి తుండుగుడ్డ కట్టుకుని వెళ్లి కూర్చున్నాడని మామ కబురు చేశాడు. అవ్వ ఆ కబురు విని ఆ పూట పొయ్యి వెలిగించలేదు. పదకొండు రోజుల తరువాత ఉత్తరం వచ్చింది. కథ బాగుంది, అచ్చవుతోంది, ఇక నెలకొకటి పంపాలి. ఆయన మూతి గుడ్డ విప్పి మిల్లు గేటు బయట పారేసి, మళ్లీ అటు చూడలేదు. ఆ తరువాత చాలా ఏళ్లు బతికాడు, చాలా పుస్తకాలు రాశాడు, అన్నిట్లోనూ ఎవరో ఒకరు వంట చేస్తుంటారు.

ఇప్పటి సముద్రతీరం కూటంలో రచయితలు చక్కగా మాట్లాడారు. అడిగినదానికల్లా ఓపికగా జవాబు చెప్పారు. కానీ అప్పటికి ఆ పుస్తకాలన్నీ అచ్చయిపోయాయి, ఇక వాటిలో ఎవరూ ఏమీ చేయలేరు. మా గుడిసెలో కథ ఇంకా తడిగా ఉండగానే అవ్వ వేలు పెట్టేది, మామ కాలు పెట్టేవాడు. ఆ ఏటి ఇసుకను తరువాత లారీలు మోసుకుపోయాయి. పాదులు పెట్టేవాళ్లు తగ్గిపోయారు, కళింగర పండు ఇప్పుడు ఏ కాలంలోనైనా ఎక్కడినుంచో వస్తుంది. నేను దానికి బెంగపడే మనిషిని కాదు. తినవలసినన్ని తిన్నాను, వినవలసినవి విన్నాను. విశాఖ పక్కన ఆ సముద్రపు గాలిలో కూర్చుని ఏటి గాలినీ, నా గదిలో ఫ్యాను గాలినీ తలుచుకున్నాను, ఫ్యానుకే ఓటు వేశాను, ఇసుకలో పడుకోవడానికి నా నడుము ఒప్పుకోదు.

పుస్తకం వచ్చిన రోజు చెప్పి ముగిస్తాను. ప్రాణేశప్ప దాన్ని స్వయంగా తీసుకుని అవ్వ ఇంటికి వచ్చాడు. నడకలో ఆయాసం లేదు కానీ ముఖంలో రక్తం లేదు. నన్ను పెరట్లోకి పిలిచి చూపించాడు. అట్ట మీద నీలంగా సముద్రం, కొబ్బరి చెట్లు, ఒక ఓడ. లోపల ఏరు అని మేం రాసిన ప్రతిచోటా సముద్రం అని ఉంది. అట్ట బొమ్మ ముందే తయారైపోయింది కాబట్టి ఆ ఒక్క మాట మార్చామని, మిగతాది అక్షరం ముట్టుకోలేదని ఆ ఆసామి రాశాడట. కళింగర తోట సముద్రంలో, మడుగు సముద్రంలో, పైనుంచి కిందికి గుండిగ కొట్టుకురావడం సముద్రంలో. తరువాత మద్రాసులో ఒక్కరు కూడా తప్పు పట్టలేదు. అంత తియ్యటి కళింగరలు ఏ తీరాన దొరుకుతాయో చెప్పమని మాత్రం ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు.

"నా సంగతి ఎట్లైనా కానీ. అవ్వకు ఏం చెప్పేదమ్మా?" అన్నాడాయన.

లోపలినుంచి అవ్వ పిలుస్తూనే ఉంది. వెళ్లాం. చాప వేసి, చేతులు కడుక్కుని, కొత్త కోక కట్టుకుని కూర్చుని ఉంది. పుస్తకం చేతిలోకి తీసుకుని బొమ్మ చూసి, "ఇన్ని నీళ్లేంది మే?" అంది. ఏరు వచ్చినప్పుడు ఇంతే కదవ్వా అన్నాను. తృప్తిపడింది. మొదటి పుట తెరిచాను. సముద్రపు ఒడ్డున అని ఉంది. ప్రాణేశప్ప నేల చూస్తున్నాడు. నేను గొంతు సవరించుకుని, "ఏటి ఒడ్డున" అని చదివాను. తరువాతి వాక్యంలోనూ అంతే, ఆ తరువాతి పుటలోనూ అంతే. రెండు పూటలు పట్టింది. ఒక్కచోట కూడా నాలుక తడబడలేదు. ఆయన గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. అయిపోయాక అవ్వ పుస్తకాన్ని ఒకసారి తడిమి, "మన ఏటిని ఉండేది ఉండేటట్ల రాసినావు సామీ" అంది. ఆయన లేచి అవ్వ పాదాలకు దండం పెట్టబోతే ఆమె గాభరాగా కాళ్లు వెనక్కి లాక్కుంది.

తరువాత నేను హైస్కూలు చదువుకు ఆదోని వెళ్లిపోయాను. ఒకసారి సెలవులకు అవ్వ ఊరు వెళ్లేసరికి ఆమె అరుగు మీద ఊరి బడికి కొత్తగా వచ్చిన అయివారు కూర్చుని ఉన్నాడు, ఆయన చేతిలో ఆ పుస్తకం. నేను వచ్చేదాకా ఆగలేక ఆయనను బతిమాలి చదవమందట. నన్ను చూడగానే అవ్వ ఆయన చేతిలోంచి పుస్తకం లాక్కుని నా దగ్గరికి వచ్చింది. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాననుకుంది కానీ వీధి మొగదాకా వినిపించింది.

"మంచోడే పాపం, సదువు రాలేదు. ఏరు అని రాసిన కాడంతా సముద్రం, సముద్రం అంటాండాడు. నువ్వు సదువు మే."

అయివారి ముఖం వైపు చూడకుండా పుస్తకం తీసుకుని, మొదటినుంచీ చదివాను.